సంజీవప్ప చెల్లెళ్ళు

ధర్మవరానికి మునిసిపాలిటీ వచ్చిన కొత్తలో మా వార్డుకు పట్టుచీరల షావుకారు సంజీవప్ప నిలబడ్డాడు. మా వీధిలో సగం మగ్గాలు ఆయన పట్టుతోనే ఆడేవి కాబట్టి మగవాళ్ళ ఓట్లు తన జేబులోనే ఉన్నాయని ఆయన ధీమా. మిగిలింది ఆడవాళ్ళు. వాళ్ళ కోసం హిందూపురం నుంచి రవికె గుడ్డలు మూటలుగా తెప్పించాడు. పట్టు అమ్ముకునే మనిషి పంచిపెట్టింది నూలు గుడ్డ, అదీ నీళ్ళలో ముంచితే బకెట్టంతా ఎర్రబడే రకం. ఇంతకంటే మంచిది ఇస్తే ఓటర్లు చెడిపోతారని ఆయన భయం కాబోలు.

గుడ్డ ఊరికే ఇచ్చి పోయినా బాగుండేది. సంజీవప్పకు నోరు ఊరుకోదు. గడప గడపకూ పోయి, తమలపాకుల మీద పసుపు కుంకుమ, గుడ్డ పెట్టి, రెండు చేతులతో అందించి, కళ్ళు తడి చేసుకుని ఒకటే మాట అనేవాడు.

"అమ్మా, ఈ పొద్దు నుంచి నువ్వు నాకు తోడబుట్టిన చెల్లెలివి. నా ఇల్లే నీ పుట్టినిల్లు. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. అన్న ఉండాడు."

మా ఇంట్లోనూ ఇదే తంతు. నా భార్య రామాంజినమ్మ గుడ్డ తీసుకుని, ఆయన వీధి మలుపు తిరగగానే, "ఉండే అన్నలతోనే ఏగలేకపోతాండా, మళ్ళా ఇంగొకడా" అని దాన్ని మూలన పడేసింది. ఆడవాళ్ళంతా అట్లాగే నవ్వుకున్నారు. యల్లక్క ఒక్కతే నవ్వలేదు.

యల్లక్క మా గోడ పక్క ఇంటి ఓబుళప్ప భార్య. అమడగూరు దగ్గర పల్లె నుంచి వచ్చింది. తల్లిదండ్రులు పోయారు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ సంగతి ఓబుళప్ప ఒక్కనాడూ మరిచిపోలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, మగ్గం మీద పోగు తెగినా చేయి లేపి, "ఇష్టం లేకుంటే పో. పోతే యాడికి పోతావే?" అనేవాడు. దానికి ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. గోడకు ఇవతల మాకు అన్నీ వినిపించేవి. అడగబోతే, "మా ఇంటి సంగతి మీకెందుకబ్బా" అని మా మీదికే లేచేవాడు.

సంజీవప్ప ఇచ్చిన గుడ్డను యల్లక్క కళ్ళకు అద్దుకుంది. కుట్టించుకోవడానికి మనసు రాక పెట్టెలో దాచుకుంది.

పోలింగు దగ్గర పడింది. మగ్గానికి దారం కండెలు చుట్టడం ఆడవాళ్ళ పని. ఒక పొద్దున కండె వదులుగా చుట్టిందని ఓబుళప్ప ఆమెను కొట్టాడు. కొట్టి, మళ్ళీ మగ్గం గుంతలోకి దిగి కూర్చుంటూ అలవాటుగా అడిగాడు.

"పోతే యాడికి పోతావే?"

"మా అన్న ఇంటికి," అంది యల్లక్క.

ఓబుళప్ప మగ్గం గుంతలోంచి పైకి వచ్చేలోగా ఆమె మూట చంకన పెట్టుకుని వీధిలో పడింది. ఆ వేళకు సంజీవప్ప ఇంటి అరుగు మీద మీటింగు జరుగుతోంది. ఆడవాళ్ళ కన్నీళ్ళు తుడవడానికే తాను పుట్టానని ఆయన మైకులో చెబుతున్నాడు. యల్లక్క జనం మధ్యలోంచి నేరుగా పోయి ఎదుట నిలబడింది.

"వచ్చినా అన్నా," అంది.

సంజీవప్ప చూపు జనం మీదికి పోయింది. పోటీగా నిలబడిన పుల్లయ్య మనుషులు కూడా ఆ జనంలోనే ఉన్నారు. పొమ్మంటే ఓట్లు పోతాయి.

"రామ్మా రా! ఇది నీ ఇల్లు కాదా!" అన్నాడు. ఇంట్లోకి తిరిగి, "ఏమే, చెల్లెలొచ్చింది, కాళ్ళకు నీళ్ళియ్యి," అని మైకులోనే కేకేశాడు. భార్య జయలక్ష్మమ్మ చెంబు తెచ్చింది. ఆ చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా మైకులో బాగా వినిపించింది.

అంతటితో ఆగినా సరిపోయేది. ఇదేదో మంచి ప్రచారమని ఆయనకు తోచింది. ఓబుళప్పను పిలిపించి, అందరి ముందూ, "మా చెల్లెలి మీద చెయ్యి లేపినావంటే చూడు," అని గద్దించాడు. ఓబుళప్ప ఆయనను షావుకారూ అనాలో బావా అనాలో తెలియక రెండు చేతులూ జోడించాడు. చప్పట్లు మోగాయి.

మరుసటి రోజు మా వీధి మారక్క మూటతో దిగింది. ఆ వెనక కదిరమ్మ, ఆమె వెనక ఇంకొందరు. మొగుడు తిట్టినవాళ్ళు, అత్త సాధించినవాళ్ళు, ఎవరూ ఏమీ అనకపోయినా కొన్నాళ్ళు కూర్చుని తిందామనుకున్నవాళ్ళు. సంజీవప్ప ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. రాగిసంగటి కెలికి కెలికి జయలక్ష్మమ్మ చేతులు బొబ్బలెక్కాయి.

"ఇంగా ఎంతమందిని కనింది మీయమ్మ?" అని మొగుణ్ణి అడిగింది.

ఇక్కడ మా వీధిలో కండెలు చుట్టేవాళ్ళు లేక మగ్గాలు ఆగిపోయాయి. వాటిలో సగం ఆడేది తన పట్టుతోనే అన్న సంగతి సంజీవప్పకు మైకు హోరులో తట్టలేదు. మగవాళ్ళు పొయ్యి ఊదుకుంటూ, దగ్గుకుంటూ ఆలోచనలో పడ్డారు. ప్రతి ఇంటికీ ఒక కొత్త బావమరిది మొలిచాడు. రేపు ఆయన కౌన్సిలరు కూడా అయితే ఇంక ఇంట్లో గొంతు పెంచేదెట్లా?

పుల్లయ్య మాటకారి కాదు, పనిమంతుడూ కాదు. ఎవరు నేర్పారో గాని జట్కా బండెక్కి వీధి వీధీ తిరిగి ఒకటే చెప్పాడు. "అప్పా, నాకు చెల్లెళ్ళు లేరు. మా ఇంట్లో ఎవురికీ జాగా లేదు." అంత గొప్ప వాగ్దానం మా వార్డు మగవాళ్ళు ఏనాడూ విని ఉండలేదు.

వాళ్ళ ఓట్లన్నీ గంపగుత్తగా పుల్లయ్యకు పడ్డాయి. ఆడవాళ్ళవి సంజీవప్పకు పడేవే గాని, చాలామంది మొగుళ్ళు ఆ రోజు దారి కాచి పెళ్ళాలను పోలింగు బూతు దాకా రానివ్వలేదు. వచ్చి కూడా ఆయనకు వెయ్యనిది జయలక్ష్మమ్మ. దాన్ని ఆమె దాచలేదు. "గెలిస్తే ఐదేండ్లు ఈ సంగటి ఎవురు కెలకాల?" అంది.

ఫలితం తెలిసిన సాయంత్రం సంజీవప్ప ఊరేగింపుకు తెప్పించుకున్న పూలదండను అరుగు మీదికి విసిరేసి ఇంట్లోకి వచ్చాడు.

"ఎవురికి ఎవురే చెల్లెళ్ళు? లేసి పొండి!"

అందరూ తిట్టుకుంటూ మూటలు సర్దుకున్నారు. వాళ్ళకేం, అసలు పుట్టిళ్ళు ఉన్నాయి. యల్లక్క మాత్రం కదల్లేదు. ఆమెను తీసుకుపోవడానికి ఓబుళప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు, మొహాన పండగ. వీధి వీధంతా అక్కడే ఉన్నాం.

ఆమె మూట విప్పి, మడత చెదరని రవికె గుడ్డను సంజీవప్ప ముందు పెట్టింది.

"ఓట్లు తక్కువైతే తోడబుట్టినోళ్ళు కాకుండా పోతారా అన్నా?"

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. నాకు ఏడుపొచ్చింది, సంజీవప్పకు కోపం వచ్చింది. "తీసుకొని పోబ్బా నీ పెండ్లాన్ని," అన్నాడు.

ఓబుళప్ప ముందుకు వచ్చాడు. "ఇన్నావు కదా. ఇంగ యాడికి పోతావే?"

"ఈడికే వస్తాది," అంటూ జయలక్ష్మమ్మ బొబ్బల చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఇంగొకసారి ఆ మాట అడిగి చూడబ్బా, ఈడికే వస్తాది. అన్న లేకపోతే మానె, వదిన ఉండాది."

"ఓటు వెయ్యకపోతివి, ఇప్పుడు చెల్లెలు కావల్సొచ్చిందా నీకు?" అని సంజీవప్ప అరిచాడు.

"ఓటు వెయ్యలేదు, నిజమే. ఇంతమంది కూచొని తింటాంటే నాతోపాటు సంగటి కెలికింది ఈ పిల్ల ఒకతే. పసుపు కుంకుమ పెట్టి పిలిచింది నువ్వు. నువ్వు ఇడిస్తే ఇడువు, నేను ఇడవను."

లోపలికి పోయి షాపు బీరువాలోంచి వంకాయ రంగు పట్టుచీర ఒకటి తెచ్చింది. ఆడబిడ్డను వట్టి చేతులతో పంపకూడదని యల్లక్క ఒడి నింపి, ఆ చీర కట్టించి మరీ సాగనంపింది. అది ఓబుళప్ప నేసిన చీరే. అంచు చూడగానే గుర్తుపట్టాడు. ఇన్నేళ్ళలో అన్ని చీరలు నేశాడు గాని, తన నేతను తన పెళ్ళాం ఒంటి మీద చూడటం అదే మొదలు. ఆమె వెనకే నడిచాడు.

ఆ తర్వాత ఆ ప్రశ్న మా గోడ దాటి ఎన్నడూ వినిపించలేదు. ఓబుళప్ప మంచివాడైపోయాడని కాదు. జవాబు తెలిసిపోయింది, అంతే.

సంజీవప్ప మళ్ళీ ఎన్నికల్లోనూ నిలబడ్డాడు. చేతులు జోడించాడు, కాళ్ళు పట్టుకున్నాడు. చుట్టరికం మాత్రం ఎవరితోనూ కలపలేదు.