రాకేష్ ఐడీ మీద శైలేందర్

మెదక్ రోడ్డులో లారీ గుద్ది, కాలు విరిగి శైలేందర్ పడి ఉంటే, మేం తిండి పార్సిళ్లు చేరవేసే డెలివరీ కంపెనీ నుంచి అతనికి వచ్చిన ఫోన్ నేనే ఎత్తాను. అవతలి మనిషి అడిగిన మొదటి మాట, బిర్యానీ ఒలికిందా అని. నా ఒళ్లు మండిపోయింది.

కాలు నిలవాలంటే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయాలన్నారు. కంపెనీ బీమా ఉందిగా అని ఆశపడ్డాం. సిద్దిపేటలో కంపెనీ ఆఫీసు చూసే రాజశేఖర్ కంప్యూటర్ చూసి చేతులెత్తేశాడు.

"ఆ టైముకు శైలేందర్ ఐడీ బంద్ ఉంది. నడిచింది రాకేష్ ఐడీ. రూల్ తప్పిన్రు, బీమా రాదు."

తప్పిన మాట నిజమే. మాతోపాటే బండి నడిపే రాకేష్ వాళ్ల నాయనమ్మ దినాలకు దుబ్బాక పోయాడు. కొన్నాళ్లు బండి తీయకపోతే యాప్‌లో ఐడీ అడుగుకు పడిపోతుంది, ఆర్డర్లు రావు. అందుకే ఒకరింట్లో చావో పెళ్లో అయితే వాళ్ల ఐడీని ఇంకొకరం నడిపిస్తాం. ఊళ్లో ఒకరి నాట్లకు ఒకరు బదులు పోయినట్టే. మా మంచితనమే మా మెడకు చుట్టుకుంది.

మరునాడు మధ్యాహ్నం, సరిగ్గా ఆర్డర్ల వేళకే, ఆఫీసు ముందు బండ్లు ఆపాం. శైలేందర్ భార్య నవత అందరికన్నా ముందు నిలబడింది.

"పనిల పడ్డడు సార్. కాలు పోయేటట్టుంది. ఖర్చు ఎవలు పెట్టాలె?"

"మాది ఉత్త యాప్ అమ్మా. హోటల్‌కు, కొనేటోళ్లకు నడుమ వంతెన. వీళ్లు పార్ట్‌నర్లు, నౌకర్లు గాదు."

"వంతెనైతే రేటు నువ్వెట్ల కడుతవ్? ఐడీ నువ్వెట్ల బంద్ పెడుతవ్? మీ అసొంటి కంపెనీలు ఏం జెయ్యాల్నో చట్టంల రాసిన్రంట గదా!"

"చట్టం వేరే, మా రూల్ వేరే."

పొద్దున లేబర్ ఆఫీసరు దగ్గరికి పోతే కంపెనీని అడగమన్నాడు. కంపెనీ దగ్గరికొస్తే ఇదీ జవాబు. తిరిగి తిరిగి కాళ్లరిగాయి.

రాజశేఖర్ మావైపు తిరిగాడు. "ఐడీలు ఎవలెవలు మార్చుకుంటున్నరో చెప్పున్రి. వాళ్లవే బ్లాక్ చేస్త. మిగిలినోళ్లు పనికి పోన్రి."

అందరికీ బండి కిస్తీలే గుర్తొచ్చాయి. అబద్ధమెందుకు, నాకూ భయం వేసింది.

దినాలకు తీసిన గుండుతో రాకేష్ ముందుకొచ్చాడు. "ఐడీ నాది. నా కోసమే నడిపిండు. బ్లాక్ చెయ్యి."

"పోయిన నెల నేను ప్రభాకర్‌ది నడిపిన. నాది గూడ చెయ్యి," అన్నాను.

ప్రభాకర్ నా పక్కకొచ్చాడు. అతని వెనక ఇంకొకడు. చివరికి అందరం.

జేబుల్లో ఫోన్లు ఆర్డర్లతో మోగుతున్నాయి. ఎవరూ ఎత్తలేదు. రాజశేఖర్ ఫోనూ మోగింది. పైఆఫీసు నుంచి. అతను గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆర్డర్లు ఆగినయి సార్. వర్కర్లు సమ్మె చేస్తున్నరు."

నవత విన్నది. "ఏమన్నవ్ సార్? వర్కర్లనా? గట్టిగ అను. గదే మాట కాయితం మీద రాసియ్యి."

ఆమె ఆఫీసు గడపలో కూర్చుంది. మేమూ కూర్చున్నాం. రాసిచ్చేదాకా సిద్దిపేటలో మా బండి కదలదు.