దుంపక్క చెప్పిన అంకె

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిన పదకొండో లారీలోంచి తీసిన కర్రపెండలం దుంపను ఆమె మోకాలికేసి విరిచింది. టక్కున విరిగింది. తెల్లటి కండను బొటనవేలితో రుద్ది, వేలికంటిన జిగురు చూసి, "ఇరవై ఏడు" అంది. లోపల కెమిస్టు దుంపల్ని నీళ్ళలో తూచి పిండి శాతం లెక్కకట్టాడు. ఇరవై ఏడే వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె అంకెకీ తూకానికీ ఒకటికి మించి తేడా రాలేదు.

అందరికీ ఆమె దుంపక్క. "నీ దుంప తెగ" అని డ్రైవర్లు సరదాకి తిడితే, తెగితేనే కదా పిండెంతో తెలిసేది అనేది. భర్త పోయాక చీపురు పట్టుకుని ఈ గేటులో అడుగుపెట్టింది. ఊడుస్తూ ఊడుస్తూనే దుంప గుట్టు పట్టేసింది. అప్పట్లో ఇది పిండి మిల్లు. నాలుగేళ్ళుగా అదే దుంపను పులియబెట్టి, బళ్ళకు పోసే ఇంధనం తీస్తున్నారు.

మధ్యాహ్నం వచ్చిన లారీ దారిలో చెడిపోయి రెండు రోజులు ఆగిపోయిందట. దుంపల్లో నీలి చారలు. చారలుంటే వెనక్కి పంపాలని గోడ మీద రాసి ఉంది, మేనేజరు అదే అన్నాడు. రైతూ, అతని భార్యా లారీ పక్కనే నిలబడ్డారు. ఏడాది పంటంతా ఆ లారీలోనే ఉంది.

ఆమె మోకాళ్ళ నొప్పితోనే లారీ ఎక్కింది. అడుగుదాకా చేతులతో తవ్వి ఆరు దుంపలు తీసింది. ఒక్కొక్కటే విరిచి వాసన చూసింది. ఎక్కడా కుళ్ళు లేదు.

"ఆ రాత పిండి అమ్మిన రోజులది సార్. చారలుంటే తినడానికి పనికిరాదు. మండడానికేం? ఇరవై అయిదుంటుంది, తూచి చూడమనండి."

కెమిస్టు తూచాడు. ఇరవై అయిదున్నర. మేనేజరు గోడవైపు కాసేపు చూసి, లారీని లోపలికి రానిమ్మన్నాడు. రైతు భార్య ఆమె మట్టిచేతిని పట్టుకుని వదల్లేదు. ఈసారి దారిలో ఆగని లారీ చూసుకోమ్మా అని మాత్రం చెప్పింది దుంపక్క.

సాయంత్రం బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. నల్ల గొడుగును కడ్డీకి తగిలించి కూర్చుంది.

"మన బస్సు కూడా నీ దుంపరసమే తాగుతోందక్కా, పోయిన నెల నుంచి" అన్నాడు డ్రైవరు.

"తాగినా తిన్నగానే పోతోందిగా తమ్ముడూ."

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమె దిగాల్సిన చోట డ్రైవరు బస్సాపి పిలిచాడు. నిద్ర పట్టిందనుకుని మళ్ళీ పిలిచాడు. తర్వాత లేచి వచ్చి భుజం తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వెనక్కి వెళ్ళి ఇంజను ఆపేశాడు.

మర్నాడు మొదటి లారీ దుంపను తూచిన కెమిస్టు, వచ్చిన అంకె రాయకుండా చాలాసేపు గేటువైపే చూశాడు.

బస్సులో ఆ కిటికీ కడ్డీకి, విరిగిన పుల్లను ఇనపతీగతో కట్టుకున్న ఆమె నల్ల గొడుగు, మలుపు వచ్చినప్పుడల్లా మెల్లగా ఊగుతోంది.