రెండు సెకన్ల పట్టు

నేను ఒక చిన్న వాల్వును. కారు బానెట్ ఎత్తితే గొట్టాల మధ్య ఒక అల్యూమినియం డబ్బా కనిపిస్తుంది. దాని కడుపులో ఉంటాను. నా పనేమిటో చెబితే మీరు నవ్వుతారు. ఎత్తు మీద ఆగిన కారు మళ్లీ కదలాలంటే డ్రైవరు బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటరు మీద పెట్టాలి కదా, ఆ కాస్త సందులో బండి వెనక్కి జారకుండా నేను బ్రేకును పట్టి ఉంచుతాను. ఎంతసేపు అంటారా? రెండు సెకన్లు. మూడో సెకను నాది కాదు. అది మీ కాలిది, ఆ తరువాత మీ పెద్దల పుణ్యానిది.

మనుషులు నాకు హిల్ అసిస్ట్ అని పేరు పెట్టారు. షోరూముల్లో నన్ను చూపించి కార్లు అమ్మేవాళ్లు "బండే పట్టుకుంటుంది మేడమ్, మీరు హాయిగా కూర్చోండి" అంటారు తప్ప రెండు సెకన్ల సంగతి ఎత్తరు. అసలు విషయం చెబితే నా గొప్ప తగ్గిపోతుందని వాళ్ల బెంగ కాబోలు.

ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి నా మొహం కూడా చూడలేదు. ఆ పూట ఆమె చేతుల్లోంచి నాలాంటివి నాలుగు వందలు దాటాయి. తరువాత ఒక ఇంజనీరు నన్ను సిమెంటు వాలు మీదికి తీసుకెళ్లి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్రేకు తొక్కడం, వదలడం, తొక్కడం, వదలడం. ఒక్కసారి కూడా నేను తప్పలేదు. చివరికి కాగితం మీద "ఫరవాలేదు" అని రాసుకుని టీకి వెళ్లిపోయాడు. మెచ్చుకోవలసి వస్తే మనుషుల చెయ్యి ఎంత బిగుసుకుంటుందో ఆ రోజే నాకు అర్థమైంది.

నా కారు విశాఖపట్నంలో ఒక షోరూముకు డెమో బండిగా వెళ్లింది. ఏడాది పాటు ఊళ్లో వాళ్లందరూ ఒకే ఫ్లైఓవర్ ఎత్తు మీద నన్ను పరీక్షించారు. ఒక కాలేజీ మాస్టారు బ్రేకు వదిలి, చేతులు కట్టుకుని, పక్కనున్న భార్యతో "చూశావా" అన్నాడు. ఆమె ఇంకా చూస్తూ ఉండగానే నా గడువు అయిపోయి బండి వెనక్కి జారింది. తిట్లు మాత్రం నాకే పడ్డాయి. ఇంకొకాయన నా మీద నమ్మకం లేక బ్రేకు మీంచి కాలే తియ్యలేదు, తియ్యకుండానే బాగా పనిచేస్తోందని మెచ్చుకుని వెళ్లాడు. ఏడాది తిరిగాక డెమో బండిని అమ్మకానికి పెట్టారు. అప్పుడు వచ్చారు గౌరునాయుడు, నూకరత్నం.

గౌరునాయుడు ముప్పై ఏళ్లు మినీ వ్యాను తోలిన మనిషి. ఊరి చివర గుర్రాలకొండ మీద, సముద్రం కనిపించే చోట, ఆ దంపతులకు ఇడ్లీ దుకాణం ఉంది. కొండ కింద ఇంట్లో నూకరత్నం వండుతుంది, ఆయన వ్యానులో పైకి చేరుస్తాడు. ఇన్నేళ్లూ అలాగే నడిచింది. ఆ ఏడు ఆయన ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ కాలితో ఇక క్లచ్చు తొక్కవద్దన్నాడు డాక్టరు. దుకాణం మూతపడింది. నెలాఖరులోగా తెరవకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని దాన్ని అద్దెకిచ్చినవాళ్లు కాగితం పంపారు. మిగిలిన దారి ఒక్కటే, నూకరత్నం కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకోవాలి. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆవిడ సరేనంది.

బండి ఇంటికి రాగానే పూజ జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. స్టీరింగుకు బొట్టు, అద్దానికి బొట్టు. డాష్‌బోర్డు అరలో ఉన్న కారు పుస్తకానికి కూడా పసుపు రాసి, కళ్లకు అద్దుకుని, తిరిగి అరలో పెట్టేశారు. అందులో నూట పన్నెండో పేజీలో నా గురించి పదకొండు వరుసలున్నాయి. రెండు సెకన్లని అచ్చులో స్పష్టంగా ఉంది. దండం పెట్టిన పుస్తకాన్ని చదవాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకు నోరుంటే ఆ పేజీ నేనే చదివి వినిపించేవాణ్ని.

వాళ్ల ఇంటికి వెళ్లే సందు నిట్టనిలువు ఎత్తు. నూకరత్నం అక్కడే నేర్చుకోవడం మొదలుపెట్టింది. మిగతావన్నీ పది రోజుల్లో పట్టేసింది. ఎత్తు మీద ఆపి కదల్చడం దగ్గరికి వచ్చేసరికి మొగుడూ పెళ్లాలకు మాటా మాటా వచ్చింది.

"సోరూం అబ్బాయి సెప్పలేదేటి, బండే పట్టుకుంటాదని" అంది ఆవిడ.

"ముప్పై ఏళ్లు ఈ కొండ మీదే తోలినాను. మనం బండిని పట్టుకోవాలి గానీ బండి మనల్ని పట్టుకోడమేటి" అన్నాడు ఆయన.

అని ఊరుకోలేదు. చట్టం ప్రకారం పక్క సీట్లో ఉండవలసిన మనిషి, "నేను దిగి పక్కనుండి సూస్తాను" అని చేతికర్ర పట్టుకుని దిగిపోయాడు. తరువాత ఆయన చేసిన పని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ బండి ఆపగానే, రోడ్డు పక్కనున్న ఒక నల్లరాయిని కర్రతో నెట్టి వెనక చక్రం కిందికి తోశాడు. వ్యాను రోజుల్లో ఎత్తు మీద ఆగిన ప్రతిసారీ క్లీనరు చేసే పని అది. నూకరత్నం బ్రేకు వదిలేది. నేను రెండు సెకన్లు పట్టేవాణ్ని. ఆవిడ తాపీగా పమిట సర్దుకుని, అద్దం చూసుకుని, క్లచ్చు వదిలేసరికి నాలుగైదు సెకన్లు. నేను వదిలాక బండి రెండంగుళాలు జారి రాయికి ఆనుకునేది. ఆవిడకు అది కూడా నా పట్టే అనిపించేది. "సూసావా మావా, ఎలా పట్టుకుందో" అనేది గర్వంగా. ఆయన మీసం కింద నవ్వుకునేవాడు. మధ్యలో నేను. చేసిన రెండు సెకన్ల పనికి అయిదు సెకన్ల పేరు వస్తుంటే కాదనే ధైర్యం నాకూ లేకపోయింది, ఒప్పుకుంటున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. మైదానంలో ఎనిమిది అంకె లాంటి దారి, హెచ్ అక్షరం లాంటి దారి, చివర్లో సిమెంటు ఎత్తు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వరహాలు గారు ముభావి. గొంతు పెంచరు, మొహంలో ఏదీ కనబడనివ్వరు. నూకరత్నం రెండు దారులూ చక్కగా దాటింది. ఎత్తు మీద గీత దగ్గర ఆపింది. బ్రేకు వదిలింది. నేను పట్టాను. ఆవిడ ఎప్పటిలాగే పమిట సర్దుకుంది. ఒకటి, రెండు. నా చెయ్యి జారింది. రాయి లేదు. బండి వెనక్కి గజం దూరం జారి, గీత దాటి, కుదుపుతో ఆగిపోయింది. వరహాలు గారు కాగితం మీద ఏదో రాసి, "వారం పోయాక రండమ్మా" అన్నారు. నెలాఖరుకు పదకొండు రోజులుంది. ఆవిడ ఏడవలేదు. నాకు మాత్రం, ఏడ్చే వసతి ఉంటే, ఆ రోజు బ్రేక్ ఆయిల్ అంతా కళ్లలోంచే పోయేది.

ఇంటి ముందు బండి ఆపి ఆవిడ మొగుణ్ని అడిగింది.

"ఇక్కడ పట్టుకున్న బండి అక్కడెందుకు వొదిలీసింది మావా?"

గౌరునాయుడు కర్ర కొసతో రోడ్డు పక్కనున్న నల్లరాయిని చూపించాడు.

"ఇక్కడ పట్టుకున్నది బండి కాదే. రాయి. నేనే ఎట్టినాను."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నీకు బయ్యమేస్తాదని."

"బయ్యం నాకా, నీకా?"

ఆవిడ దిగి, టైరు మరకలు పడిన ఆ రాయిని రెండు చేతులా ఎత్తి, కాలువ అవతల తుప్పల్లోకి విసిరేసింది. తరువాత డాష్‌బోర్డు అర తీసి పుస్తకం బయటపెట్టింది. దాని మీది పసుపును చెంగుతో తుడిచింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, ఆవిడ చదివింది ఏడో తరగతి. అయినా ఎత్తు మీద నిలబడిన కారు బొమ్మ చూసి పేజీ పట్టుకుంది. పక్కన అంకె ఉంది, అంకెకు ఇంగ్లీషు అక్కర్లేదు. రెండు అని పైకి చదివి, నా వైపు, అంటే బానెట్ వైపు, గుర్రుగా చూసింది. తల దించుకోవడానికి నాకు తల లేదు.

రెండు సెకన్లంటే ఎంతో ఆవిడ గడియారం చూసి నేర్చుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఇడ్లీ పళ్లేల్లో పిండి పోసిన చెయ్యి అది. ఒక గుంటలో గరిటెడు పిండి పడటానికి ఒక సెకను. "రెండిడ్లీలు పోసేంత సేపే కదా, రెండోది పడేలోగా ఎల్లిపోతాను" అంది. మర్నాటి నుంచి గౌరునాయుడు చట్టం చెప్పిన చోటే, పక్క సీట్లో, కూర్చున్నాడు. మొదటి రోజు ఇంజను తొమ్మిదిసార్లు ఆగిపోయింది. ఆయన విసుక్కోలేదు. ముప్పై ఏళ్లు కాలిలో దాచుకున్న విద్యను మొదటిసారి మాటల్లో పెట్టాడు.

"క్లచ్చు మెల్లిగా వొదులు. ఇంజను గొంతు దిగుతాది సూడు, బండి ముక్కు కూసింత లేస్తాది. అక్కడ కాలాపీయి. కదపొద్దు. ఇప్పుడు బ్రేకు వొదిలి ఏక్సిలేటరు తొక్కు."

మూడో రోజుకు రెండో ఇడ్లీ పడకముందే బండి కదిలింది. అయిదో రోజుకు మొదటి ఇడ్లీ పూర్తిగా పడనేలేదు. నేను పట్టీ పట్టకముందే ఆవిడ వెళ్లిపోయేది. ఏడాదిపాటు వందల మంది నన్ను వాడుకున్నారు. నాకంటే ముందు వెళ్లాలని పంతం పట్టిన మనిషిని మాత్రం ఆ సందులోనే చూశాను. నాకు కోపం రాలేదు, సంబరమే అనిపించింది.

వారం తిరిగింది. మళ్లీ మైదానం. ఎనిమిది, హెచ్, ఎత్తు. గీత దగ్గర ఆగి, నూలుపోగంత కూడా జారకుండా పైకి ఎక్కేసింది. ఇక సంతకమే తరువాయి అని నేను పొంగిపోతున్నాను. వరహాలు గారు కలం మూత తియ్యకుండా బానెట్ వైపు చూశారు.

"ఎత్తు బాగానే ఎక్కినారు. కానీ ఈ బండిలో అదేదో పట్టుకునేది ఉంది కదమ్మా. ఎక్కించింది మీరా, బండా?"

"నేనే సార్."

"అయితే అదిగో, ఆ స్కూలు కార్లో ఓసారి ఎక్కించండి. దాన్లో అలాటివేటీ లేవు."

మైదానం చివర డ్రైవింగు స్కూలు వాళ్ల పాత కారు ఉంది. రంగు వెలిసింది, నాలాంటి వాల్వు ఏదీ దానిలో పుట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గెలిచిన మనిషిని మళ్లీ నిలబెట్టడం ఏమిటని. కానీ నిజం చెప్పాలంటే ఆయన అడిగిందే న్యాయం. నేను లేని బండ్లు లోకంలో బోలెడున్నాయి. నన్ను ఒక పక్కన, వేపచెట్టు నీడలో నిలబెట్టారు. నా ముందు అద్దంలోంచి ఎత్తు మొత్తం కనిపిస్తోంది. గౌరునాయుడు నా బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల డ్రైవరు, రెండు సెకన్ల వాల్వు, ఇద్దరమూ చెయ్యగలిగింది ఏమీ లేదు.

పాత కారు దగ్గుతూ ఎత్తెక్కింది. గీత దగ్గర ఆగింది. వెనక ఎర్రలైట్లు వెలిగాయి. ఆవిడ తొందరపడలేదు. ఇంజను గొంతు కాస్త దిగింది, అంత దూరం నుంచి కూడా వినిపించింది. ముక్కు వేలెడంత లేచింది. "ఆపు, అక్కడ ఆపు" అన్నాడు గౌరునాయుడు నోట్లోనే. ఆపింది. ఎర్రలైట్లు ఆరిపోయాయి. నేను నా డబ్బాలో బిగుసుకుపోయాను, ఆ బండిని ఇక్కడి నుంచే పట్టుకోగలిగినట్టు. వెనక చక్రం వెనక్కి వెంట్రుకవాసి కదల్లేదు. ముందుకే కదిలింది. ఎత్తు పైదాకా వెళ్లి, అవతలికి దిగి, చుట్టు తిరిగి మా ముందుకొచ్చి ఆగింది. పట్టుకునేది ఏదీ లేని బండిలో, నూకరత్నం తనంత తానే పట్టుకుంది.

వరహాలు గారు కలం మూత తీశారు. సంతకం పెడుతూ, "ఇడ్లీ కొట్టు ఎప్పుడు తెరుస్తున్నారు?" అని అడిగారు. కొండ మీద ఒకప్పుడు ఆయన కూడా తిన్నారట. గౌరునాయుడు పైపంచెతో నా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్న అద్దాన్ని మనుషులు ఎందుకు తుడుస్తారో అప్పుడు తెలిసింది నాకు.

గడువుకు రెండు రోజుల ముందు, తెల్లవారుజామున, వెనక సీట్లో ఇడ్లీ గిన్నెలు, చట్నీ క్యాన్లు సర్దుకుని మేము గుర్రాలకొండ ఎక్కాం. పైన దుకాణం షట్టరుకు వేసిన తాళం చెవి నూకరత్నం నడుముకు ఉంది. ఆఖరి మలుపు మహా నిటారు. మలుపు మధ్యలో ముందున్న బస్సు ఆగిపోయింది. ఆవిడా ఆపింది. వెనక వరసగా బళ్లు, పక్కన లోయ. పక్క సీట్లో గౌరునాయుడు ఉన్నాడు. జీవితంలో ఇంకొకరు తోలే బండిలో రెప్ప వాల్చని మనిషి, కొండ సగం ఎక్కేసరికే తల వాల్చేశాడు. నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. బస్సు కదిలింది. ఆవిడ బ్రేకు వదిలింది. నేను పట్టుకునేలోపే మేము కదిలిపోయాం, మలుపు తిరిగాం, ఎదురుగా సముద్రం కనిపించింది. ఆయన గురక ఎక్కడా తెగలేదు.