మూడింటికి బ్యాంకు ఫోను

ఇల్లు చూడ్డానికి వెళ్దామని లిఫ్టు మెకానిక్ ఎప్పుడన్నా భార్యది ఒకటే మాట. "ముందు మనకెంత లోను ఇస్తారో బ్యాంకువాళ్ళని కాగితం మీద రాసివ్వనీండి. ఇంటి మీద మనసు పడ్డాక లోను రాకపోతే ఏడ్చేది నేను, మీరు కాదు." అందుకే రెండు నెలలుగా ఒక్క ఇంటి గుమ్మమూ ఎక్కలేదు. ఆమె మాత్రం జీతం చీటీలు పోగేసి, జిరాక్సులు తీయించి, కాళ్ళరిగేలా బ్యాంకు చుట్టూ తిరిగింది.

ఆవేళ మధ్యాహ్నం రెండున్నరకి బ్యాంకు నుంచే ఫోన్ చేసింది. గొంతులో సంబరం ఆగడం లేదు.

"ఏమండీ, అన్నీ అయిపోయాయి. మూడింటికి సార్ మీ ఆఫీసుకి ఫోన్ చేస్తారట. మీరక్కడ పనిచేస్తున్నారని ఒక్క ముక్క చెబితే చాలు, కాగితం చేతిలో పెట్టేస్తారు. మీ కుక్కర్‌కి ముందే చెప్పి ఉంచండి."

మెకానిక్ అప్పటికి బస్‌స్టాపులో నిలబడి ఉన్నాడు. పొద్దున పదకొండింటికే రాజీనామా రాసి ఆ కుక్కర్ బల్ల మీద కొట్టి వచ్చాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. "సరే" అన్నాడు.

కుక్కర్ అంటే వాళ్ళ సూపర్‌వైజరు. మూడు విజిళ్ళు వేస్తేగాని చల్లబడడని మెకానిక్‌లంతా కలిసి పెట్టిన పేరు. పొద్దుటి గొడవ ఒక ఆరంతస్తుల భవనంలో లిఫ్టు గురించి. బ్రేకు అరిగిపోయి, ఆగాల్సిన చోటికి జానెడు కిందకి జారి ఆగుతోంది. మెకానిక్ దాన్ని ఆపేసి తలుపుకి బోర్డు తగిలించాడు. కొత్త సామాను రావాలంటే నాలుగు రోజులు. భవనం ఓనరు ఆగేది లేదన్నాడు. "బాగానే ఉందని తనిఖీ పుస్తకంలో సంతకం పడెయ్, తర్వాత మారుద్దాం" అన్నాడు కుక్కర్. మాటా మాటా పెరిగింది.

పరుగులాంటి నడకతో మెకానిక్ ఆఫీసు చేరేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువ.

"వచ్చావా? తెలుసులే" అన్నాడు కుక్కర్ టీ ఊదుకుంటూ. "పౌరుషం పొద్దున్నే ఉంటుందయ్యా. మధ్యాహ్నానికి ఆకలేస్తుంది."

"సార్, నా కాగితం పైకి పంపేశారా?"

"ఇంకా లేదు. ఏం?"

మెకానిక్ బ్యాంకు సంగతి చెప్పాడు. చెబుతుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కుక్కర్ ఒక్క విజిలైనా వెయ్యలేదు. అదే మెకానిక్‌ని భయపెట్టింది. సొరుగులోంచి రాజీనామా తీసి ఎడమపక్కన పెట్టాడు. తనిఖీ పుస్తకం తెరిచి కుడిపక్కన పెట్టాడు. మధ్యలో పెన్ను.

"నువ్వు దీంట్లో సంతకం పెట్టు, నేను దాన్ని చింపేస్తా. బంగారంలాంటి మనిషని చెబుతా ఫోన్లో."

"నాలుగే నాలుగు రోజులు సార్. సామాను రాగానే కూచుని నేనే బిగించేస్తా. ఓవర్‌టైమ్ కూడా అడగను."

"ఆ ఓనరు మన హెడ్డాఫీసుకి చెప్పేశాడు. నా పీకల మీదకొచ్చింది. నీకొక్కడికేనా ఏంటి ఇల్లూ వాకిలీ?"

మెకానిక్ పెన్ను అందుకున్నాడు. జిరాక్సు షాపు ముందు ఎండలో నిలబడ్డ భార్య కళ్ళముందు కదిలింది. ఒక్క సంతకం, అరక్షణం పని. పెన్ను పుస్తకానికి ఆనించాడు కూడా. పైవరసలో పోయిన నెల తను పెట్టిన సంతకమే ఉంది. ఆ సంతకాన్ని నమ్మే నాలుగో అంతస్తు బామ్మ చేతికర్రతో లిఫ్టు ఎక్కుతుంది. ఇవాళ పొద్దున ఆ కర్ర నేల అందక గాల్లోకి దిగిపోయింది. తను రెక్క పట్టుకోకపోతే ఆవిడ బొక్కబోర్లా పడేది.

ఫోను మోగింది.

కుక్కర్ రిసీవరు మీద చెయ్యి వేసి, గడ్డంతో పుస్తకం చూపించాడు. ఇంకోసారి మోగింది. మరోసారి.

మెకానిక్ పెన్నుకి మూత పెట్టేశాడు.

"హలో... ఆఁ, బ్యాంకా అండీ" అన్నాడు కుక్కర్, అతని కళ్ళలోకే చూస్తూ. "ఆయనా? పొద్దున్నే మానేశాడండీ."

మెట్లు దిగుతుండగానే భార్య ఫోను.

"ఏమండీ, మీరు మానేశారని ఇక్కడి సార్ అంటున్నారు. ఇంకెవరి గురించో చెప్పుంటారు కదూ?"

"నా గురించే."

ఆమె వెనకాల ఎవరిదో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. మెకానిక్ బ్రేకు సంగతీ, బామ్మ సంగతీ, సంతకం సంగతీ గబగబా చెప్పేశాడు.

"పొద్దున్నే చెప్పడానికి నోరేమైంది? ఇక్కడ ముస్తాబై కూచున్నాను, పిచ్చిదాన్లా!"

"భయమేసింది."

"బాగుంది. కుక్కర్ అంటే లేని భయం నేనంటే ఉందన్నమాట!" తర్వాత ఆమె గొంతే కాస్త దూరంగా, వేరే మనిషితో మాట్లాడింది. "సార్, ఇంకోచోట చేరితే మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

మెకానిక్ మెట్టు మీదే నిలబడిపోయాడు.

"ఆరు నెలల జీతం చీటీలు కావాలట" అంది ఫోన్లోకి. "పాత జిరాక్సులు పారెయ్యనులెండి. ఇంటికి రండి."

"వస్తా. దార్లో ఒక పనుంది."

బోర్డు తగిలించినంత సేపు కూడా పట్టదు ఆ ఓనరు దాన్ని పీకెయ్యడానికి. అది ఉన్నా లేకపోయినా లిఫ్టు ఎక్కొద్దని బామ్మకి ఎదురుగా చెప్పాలి. మెకానిక్ ఆ భవనం వైపు తిరిగాడు. నాలుగు అంతస్తులూ మెట్లెక్కే వెళ్ళాలి మరి.