చంద్రుడి వెనక మేబెల్

మా ఆయన్ని మేబెల్ "దేవా" అని పిలుస్తుంది. పెళ్లయి రెండు నెలలు దాటినా నేనింకా "ఏమండీ" దగ్గరే ఉన్నాను. ఆవిడ మాత్రం పక్కింటి గోడ మీంచి "దేవా, జెర నిచ్చెన ఇస్తవా" అంటే చాలు, మా దేవానందం గారు తింటున్న పళ్లెం వదిలి లేస్తారు.

మేబెల్ మిషన్ బడిలో టీచరు. పెళ్లి కాలేదు. చర్చిలో పాట ఎత్తుకుంటే పాస్టరు గారు సైతం పుస్తకం మూసి వింటారు. నేను కూడా వింటాను, పళ్లు బిగించి.

ఈ ఒక్కటి తప్పితే సికింద్రాబాదులో నాకు అన్నీ నచ్చాయి. గుంటూరులో బి.ఏ. చదివిన రోజుల్లో రెండంతస్తుల బస్సు ఉంటుందని వినడమే. ఇప్పుడు ప్రతి ఆదివారం పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని వేపకొమ్మలు అద్దానికి రాసుకుంటుంటే ఉలిక్కిపడి ఆయన మీద వాలతాను. రెండోసారి ఉలిక్కిపాటు ఉండదు, వాలడం మాత్రం ఉంటుంది.

ఆయన డ్రాయింగు మాస్టరు. క్రిస్మస్‌కి చర్చిలో కాగితంతో, గోనెపట్టాతో పశువుల పాక కట్టేది ఆయనే. అది చూసిన ఒక టాకీసు సేటు ఫిబ్రవరిలో మా ఇంటికొచ్చాడు. పోలీసు చర్య అయిపోయి ఇన్ని నెలలైనా జనం పొద్దుగూకితే తలుపులు వేసుకుంటున్నారట. హాలు సగం ఖాళీ. మద్రాసు నుంచి ఒక జానపద చిత్రం వస్తోంది, అందులో వీరుడు సొరంగంలో దిగి చంద్రలోకం చేరతాడు. ఆ సొరంగం, ఆ లోకం టాకీసు ముందున్న మైదానంలో కట్టాలి. దారిన పోయే వాళ్లెవరైనా టిక్కెట్టు లేకుండా లోపల నడిచి రావచ్చు.

మైదానంలో అప్పటికే ఒక కందకం ఉంది. సెప్టెంబరులో విమానాలు బాంబులు వేస్తాయని భయపడి తవ్వుకున్నది. పూడ్చాలని అందరూ అంటున్నారు గాని ఎవరూ పూడ్చలేదు. దాన్నే సొరంగం చేస్తానన్నారు మా ఆయన.

మొహర్రానికి వెదురుతో గోపురాల్లాంటి తాజియాలు కట్టే ఇమాం వలిని ఆయనే వెళ్లి పిలుచుకొచ్చారు. సెప్టెంబరు తర్వాత అతను ఇల్లు కదలడానికే జంకుతున్నాడు. వాళ్లిద్దరూ కందకం మీద వెదురు కప్పు వేశారు. గోనెపట్టాల్ని మైదా జిగురులో, ఎర్రమట్టిలో ముంచి ఆరబెడితే అచ్చం రాళ్లలా గట్టిపడ్డాయి. నేను లోపల పతంగుల కాగితంతో చుక్కలు అంటించాను. సాయంత్రాలు ఆయన కనుబొమల మీద ఎండిన జిగురు గోటితో తీయడం నా పని. అంత హాయైన పని లోకంలో లేదు.

సొరంగం చివర, పైకెక్కే మెట్ల పక్కన చంద్రుడు. బండిచక్రమంత వెదురు చట్రానికి పలచటి కాగితం, వెనక పెట్రోమాక్స్ దీపం. ఆ కాగితం వెనక కూర్చుని ఎవరైనా సన్నగా పాడాలన్నారు ఆయన. నేను నోరు తెరిచేలోగా మేబెల్ పేరు చెప్పేశారు. నాకు పాట రాదు, అది వేరే సంగతి.

"ఆ దినాల్ల గీ కందకంలనే కూసోని పాడింది గదా," అన్నారు.

ఆ దినాలు. మా వీధిలో అందరికీ ఆ దినాలున్నాయి. ఎవరి మేక కందకంలో పడిందో, ఎవరు అన్నం గిన్నె ఇంట్లో మరిచారో ఒకరు సగం చెబితే మిగతావాళ్లు నవ్వేస్తారు. నేను అప్పుడు గుంటూరులో జామకాయలు తింటూ రేడియో వింటున్నాను. ఆయన జీవితంలో నేను లేని రోజులు చాలా ఉన్నాయని తెలుసు. వాటిలో మేబెల్ ఉండటమే నాకు పడదు.

ఒకనాడు వెదురు చీలుస్తూ ఇమాం వలి ఆయన్ని ఆటపట్టించాడు. "మాస్టర్ సాబ్ బయటనే పులి, అమ్మా. విమానం చప్పుడైతె మేబెలమ్మ చెయ్యి పట్టుకున్నడు, ఇడ్వలే. ఆమె పాట షురూ జేస్తె గప్పుడు జెర నిమ్మళమైండు."

జిగురు గిన్నె అక్కడే పెట్టి ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను. ఆయన చెప్పారు, పైన తలుపులూ రేకులూ వేసి కప్పిన ఆ కందకంలో తనకు ఊపిరాడలేదని. ఇప్పుడు వెదురు కప్పు పడ్డాక లోపలికి ఒక్కసారి కూడా దిగలేదట. దీపాలన్నీ ఇమాం వలి చేతే పెట్టించారు. తీరా మొదటి రోజు జనాన్ని ముందుండి నడిపించాల్సింది తానే. సేటు అందరికీ చెప్పేశాడు.

"మేబెల్ పాట వినొస్తే నడుస్త, కాంతం," అన్నారు.

నాకు జాలి వేసింది. కానీ నోట్లోంచి వచ్చింది ఇంకో మాట.

"ఏ చేత్తో పట్టుకున్నారు? కుడితోనా, ఎడమతోనా?"

"యాదికి లేదు," అన్నారు బిత్తరపోయి.

మొదటి రోజు సాయంత్రం మైదానం నిండిపోయింది. ఇమాం వలి వెదురు పని, మా ఆయన చేసిన రాళ్లు, లోపల దీపం చూసి జనం అదేదో మొక్కే చోటనుకున్నారో ఏమో, చెప్పులు విడిచి వరసగా నిలబడ్డారు. సేటు తానూ బూట్లు విప్పాడు. లోపలి నుంచి మేబెల్ గొంతు సన్నగా మొదలైంది. బాగుంది. చాలా బాగుంది. నా ఒళ్లు మండిపోయింది.

మా ఆయన ఒక మెట్టు దిగి ఆగిపోయారు. వెనక జనం, లోపల పాట. రెండో మెట్టు మీద కాలు పెట్టారు, తీసేశారు.

నేను ఆయన్ని దాటి ముందుకు దిగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నది ఏ చేత్తోనో తెలియదు కదా. చుక్కలు అంటించినన్ని రోజులూ తిరిగిన దారే కనుక వెనక్కి వెనక్కి నడుస్తూ ఆయన్ని లోపలికి లాగాను. నాలుగడుగులు వేశాక గోనెరాళ్లు రెండు పక్కలా దగ్గరయ్యాయి.

"ఏదన్న మాట్లాడు, కాంతం," అన్నారు గుసగుసగా.

పాట వినబడుతూనే ఉంది, అయినా నన్ను మాట్లాడమన్నారు. ఆ సంతోషంలో ఏం మాట్లాడాలో తోచలేదు. ఎదుట ఆయన తప్ప ఎవరూ కనిపించకపోయేసరికి ఎవరూ వినరనే అనుకున్నాను. తోచిందల్లా చెప్పేశాను.

"మన మంచం కోడు వదులైంది. కిర్రుమంటోంది. రేపు ఇమాం వలి చేత ఒక చీల కొట్టించండి. నాకు సిగ్గుగా ఉంది, గోడ అవతలికి వినిపిస్తుందేమో."

పాట ఠక్కున ఆగింది. నా వీపు వెనక చంద్రుడు గలగలా వణికాడు.

"వినొస్తనే ఉంది, వదినె," అంది చంద్రుడి వెనక నుంచి మేబెల్.

ఆయన నవ్వారు. పొట్ట పట్టుకుందామనుకున్నారు గాని నేను చేతులు వదలలేదు. వెనక వరసలో ఎవరో ఏమైందని అడుగుతున్నారు, సేటు పాట ఏదని గోల పెడుతున్నాడు. మేబెల్ రెండుసార్లు రాగం అందుకోబోయి నవ్వు ఆపుకోలేక వదిలేసింది. నా ముఖం కాలిపోతోంది. అయినా పాట లేని ఆ సొరంగంలో ఆయన నవ్వుకుంటూ, పైన కప్పు ఉందన్న సంగతే మరిచి, నా చేతులు పట్టుకుని చంద్రుడి పక్కనున్న పైమెట్ల దాకా నడిచేశారు.