తరుగు లెక్క

“ఆ పిక్కలు పారబోయమాక. మా జట్టుకు కావాల” అన్నారు మా ఆయన.

నడవలో కూర్చుని కొత్త చింతపండు కొట్టి పిక్కలు తీస్తున్నాను. చింతపిక్కలతో బంతాట జట్టుకు ఏం పనో నాకు తెలియలేదు. అడగలేదు కూడా. పెళ్లయిన కొత్తలో అడిగేదాన్ని. అప్పట్లో జవాబు వచ్చేది కాదు, అడిగినందుకు ఒక మాట వచ్చేది. కాబట్టి పిక్కల్ని కడిగి చేటలో ఆరబోశాను.

ఆయన సూళ్లూరుపేటలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. మిల్లు షావుకారుగారు మద్రాసులో ఫుట్‌బాల్ చూసి ముచ్చటపడి, మిల్లు తరఫున ఒక జట్టు పెట్టారు. ఆడేవాళ్లందరికీ మిల్లులో ఏదో ఒక పని ఇచ్చారు. జట్టు బాగోగులు చూసే కార్యదర్శి మా ఆయనే. అది అరవై రెండో సంవత్సరం. దీపావళి నుంచి ఆ జట్టు ఒక్క ఆట గెలవలేదు. గూడూరులో ఓడిపోయింది, నాయుడుపేటలో ఓడిపోయింది, చివరికి మా మిద్దె మీదికి కనిపించే మిల్లు పక్క మైదానంలోనే ఓడిపోయింది. షావుకారుగారికి తల కొట్టేసినట్టయింది. ఉగాది లోపల జట్టులో అందరికన్నా పనికిమాలినవాడు ఎవడో తేల్చమన్నారు. వాడు జట్టులోనూ ఉండడు, మిల్లులోనూ ఉండడు.

“మూటకింత తరుగని మిల్లులో లెక్క కట్టడంలా? మనిషికి మాత్రం లెక్క ఎందుకుండకూడదు?” అన్నారు ఆయన, ఆ రోజు అన్నం తింటూ. “ఎవడు ఎన్నిసార్లు బంతిని అవతలోళ్ల కాళ్లకు అప్పజెప్తే వాడికి అన్ని పిక్కలు. నువ్వు మిద్దె మీద కూర్చోని ఎయ్యి.”

“నేనా? నాకు ఆటే తెలియదు గదండీ.”

“తెలీకపోవడమే మంచిది. తెలిసినోడు పక్షపాతం చూపిస్తాడు. నేను కేకలేసుకుంటా లెక్క మర్చిపోతా. నీకేముంది, పైన ఊరికే కూర్చోనుంటావు.”

ఊరికే కూర్చునేదాన్ని కాను. ఎండాకాలం మిద్దె మీద వడియాలు, ఒరుగులు, ఊరమిరపకాయలు ఉంటాయి. కాకిని తోలాలి, తిరగెయ్యాలి, పొద్దు వాలగానే కిందికి చేర్చాలి. అయినా ఆ మాట నాకు తగల్లేదు. చాలా రోజులుగా మాటలు నాకు తగలడం మానేశాయి. చెయ్యి కాలినా నీళ్లలో పెట్టిన తర్వాతగాని కాలిందని తెలిసేది కాదు.

పిక్కలు వెయ్యడానికి మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న వామనగుంటల పీట తీశాను. పెళ్లయ్యాక దానితో ఆడింది తక్కువ. రెండు వరసల్లో పద్నాలుగు గుంటలు, ఆడేవాళ్లు పదకొండు మంది. మూడు గుంటలు వదిలేసి, మనిషికొకటి కేటాయించుకున్నాను. దూరం నుంచి మొహాలు కనిపించవు. నడకను బట్టి గుర్తుపట్టేదాన్ని. ముందు వరసలో ఉండే పరంజ్యోతి నున్నగా దువ్విన జుట్టును చేత్తో సర్దుకుంటూ ఉంటాడు. వెనక ఉండే గంగులయ్య పులికాట్ సరస్సు ఒడ్డు మనిషి. చెప్పులు లేకుండా ఆడతాడు, బురదలో నడిచినట్టు పాదాలు ఎత్తెత్తి వేస్తాడు. మిల్లులో మూటలు మోసేది కూడా అతనే.

మొదటి ఆటలోనే గంగులయ్య గుంట నిండింది. రెండో ఆటలో పొంగి పక్కకు రాలింది. పరంజ్యోతి గుంటలో అడుగు కనిపిస్తూనే ఉంది. సాయంత్రం ఆ పీట చూసి మా ఆయన తృప్తిగా తలాడించారు.

“చూసినావా? మనం కళ్లతో చూసి కష్టపడతన్నాడు, కష్టపడతన్నాడు అనుకుంటాం. లెక్క అబద్ధం చెప్పదు.”

మర్నాడు గంగులయ్య భార్య నాగులమ్మ చేపల తట్టతో వచ్చింది. మట్టగిడసలు గట్టు మీద పెట్టి, నేను ధర అడక్కముందే మాట ఎత్తింది.

“అమ్మా, మీరే గదా పైనుంచి సూసేది? మా మనిషి ఎట్టాడతన్నాడు?”

“నాకేం తెలుసు నాగులమ్మా. ఆట తెలియదు నాకు.”

“నాకు మాత్రం తెలుసా? ఇంటికొచ్చి కాళ్లు నీళ్లలో పెట్టుకోని మూలగతాడు. బంతంట, బంతి! ఆ తన్నేదేదో నాలుగు చేపల్ని వలలోకి తన్నరాదా అంటా నేను” అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. “ఎండలకు చెరువులో నీళ్లు తగ్గిపొయినాయమ్మా. ఇప్పుడు మిల్లు పనొకటే మాకు గంజి. ఎవుర్నో తీసేస్తారంటన్నారు. మావోడు కాదు గదా?”

నేను చేపలు తీసుకుని లోపలికి వచ్చాను. చేపలు తోముతున్నాను, పొలుసులు రాలుతున్నాయి, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ గుంటలో పిక్కలు వేసింది ఈ చేతులే అన్నది మాత్రం లోపల ఎక్కడో కదిలింది.

మూడో ఆట అయిన సాయంత్రం మా అత్త వెంకటశేషమ్మ నడవలో ఉన్న పీట దగ్గర చతికిలబడింది. ఆమెకు ఈ తరుగు లెక్క సంగతి ఎవరూ చెప్పలేదు. పిక్కల్ని వేలితో కదిపి, కళ్లు చికిలించి చూసింది.

“ఏమ్మే ఇందిరా, ఈ గుంట ఎవురిది, ఇంత పండింది? వీడే గదా గెలిచినోడు?”

“అది గంగులయ్యది అత్తా. అవి గెలుపులు కాదు. బంతి పోగొట్టిన తప్పులు.”

“తప్పులా?” మా అత్త నోరు తెరిచింది. ఆ తర్వాత పడీపడీ నవ్వింది. “తప్పుల్ని పిక్కల్తో కొలస్తారా! అట్టయితే నీకు పుట్టింటి నుంచి ఇంకో పీట తెప్పించాల్సిందే!”

నేనూ కొంచెం నవ్వినట్టున్నాను. ఆమె మాటలో విషం లేదు, అలవాటు ఉంది అంతే. కాని నా చూపు ఆ గుంట మీదే నిలిచిపోయింది. వామనగుంటలు ఆడే ఏ ఆడది చూసినా అదే అంటుంది, నిండిన గుంట పండిన గుంట అని. మా అత్త పొరబడింది. పొరబడిందా? మూడు ఆటలనుంచీ మిద్దె మీద నేను చూస్తున్నదేమిటి? ఎవరికి కష్టం వచ్చినా బంతిని గంగులయ్య వైపు తన్నేవాళ్లు. గోలు దగ్గర అరుపు లేస్తే అక్కడ గంగులయ్య ఉండేవాడు. ఆట అయ్యేసరికి పరంజ్యోతి చొక్కా ఇస్త్రీ కూడా నలిగేది కాదు. బంతి దగ్గరికి పోనివాడు బంతిని ఏం పోగొడతాడు? ఇంట్లో పొద్దున లేచి కళ్లాపి చల్లింది మొదలు పడకలు వేసేదాకా నా చేతుల మీదుగా పోని వస్తువు లేదు. సరిగ్గా జరిగినదానికి పేరు లేదు, చెడినదానికి మాత్రం పేరుంది. ఉప్పెక్కువైన పులుసు, పొంగిపోయిన పాలు, బొత్తాం ఊడిన చొక్కా. నెల్లూరులో ఉండే మా తోడికోడలు పండగలకు వచ్చి, కాళ్లు చాపుకు కూర్చుని, తిని, తాంబూలం తీసుకుని పోతుంది. “చిన్న కోడలిలో ఎంచడానికి ఒక్కటి లేదు” అని మా అత్త ఊరంతా చెబుతుంది. నిజమే. ఎంచడానికి ఆమె ఏమీ చెయ్యలేదు. ఇదంతా కోపంతో అనుకోలేదు. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు రాయి కనపడుతుందే, అలా కనపడింది.

దీపం పెట్టి మా ఊరి అమ్మవారు చెంగాళమ్మ పటం ముందు కూర్చున్నాను. చిత్రగుప్తుడు పాపాలు రాస్తాడని చిన్నప్పటి నుంచీ భయం. కాని ఆయన దగ్గర పుణ్యం లెక్క కూడా ఉంటుందని చెబుతారు. ఒక్క పక్కే లెక్క చూసేది మనుషులేనేమో తల్లీ, అనుకున్నాను.

వడ్డించేటప్పుడు ఆయన్ను అడిగాను. “ఏమండీ, మిల్లులో పెద్ద మరలో తరుగు ఎక్కువా, చిన్న మరలోనా?”

“పెద్దదాన్లోనే. దాన్లో పోసే వడ్లు ఎక్కువ గదా.”

“గంగులయ్యకు కూడా బంతి ఎక్కువసార్లు వస్తున్నట్టుంది. ఆ వచ్చినవాటికి కూడా పిక్కలు వేసి చూద్దామా?”

ఆయన ముద్ద ఆపి నా వైపు చూశారు. చాలా రోజుల తర్వాత చూశారు. “నువ్వు పిక్కలెయ్యి. ఆలోచించేదానికి మేముండాం. మజ్జిగ పొయ్యి” అన్నారు. పోశాను. పులిసిందన్నారు.

ఆదివారం ఆఖరి ఆట. అది కాగానే షావుకారుగారు మా ఇంటికే వచ్చి లెక్క చూస్తానన్నారు. ఎప్పటిలాగే మిద్దె మీద కూర్చుని పిక్కలు వేశాను. అబద్ధపు లెక్క వెయ్యలేదు. పోయిన ప్రతి బంతికీ పిక్క పడింది. ఈసారి మనవాళ్లు ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఆట చివర గంగులయ్య మైదానంలో పడుకుని లేవలేకపోతే ఇద్దరు చేతులు పట్టి లేపారు. అతని గుంట ఈసారీ పొంగింది. పీటను నడవలోకి దించి, కాఫీకి నీళ్లు పెట్టి, దాని ముందు కూర్చున్నాను. మొగుడి మాట దాటడం పాపమని మా అమ్మ చెప్పి పంపింది. ఇంకొకరి గంజి చెరపడం ఏమవుతుందో ఆమె చెప్పలేదు. ఆ సంగతి నేనే తేల్చుకోవలసి వచ్చింది.

వాకిట్లో చెప్పుల చప్పుడు అయింది. గుంటల్లో పిక్కలన్నీ ఒక్కొక్కటే తోడి కంచంలో పోశాను. పరంజ్యోతివీ, గంగులయ్యవీ, మిగిలినవాళ్లవీ. కూర తరుగుతున్నట్టే ఉంది. అన్నీ కలిసేలా ఒకసారి కలియదిప్పాను.

“ఏది సంజీవరావూ, మీ లెక్క ఏదీ?” అంటూ షావుకారుగారు కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన పీట వైపు చూశారు. గుంటలన్నీ ఖాళీ. కంచం వైపు చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

“ఏం చేసినావు ఇది?” అన్నారు మెల్లగా. షావుకారుగారి వైపు తిరిగి నవ్వు తెచ్చుకున్నారు. “పీటకు చెయ్యి తగిలి ఒలికిపొయినట్టుంది లెండి. ఎత్తి కంచంలో పోసింది. మా ఆడది కాస్త తొందరమనిషి. ఎప్పుడూ ఏదో ఒకటి ఒలకబోస్తానే ఉంటది.”

షావుకారుగారు కూడా నవ్వారు. నడవ గుమ్మంలో మా అత్త నవ్వింది. నేను అవునండీ అంటే చాలు, ఆ మాట నాకు నోరు తిరిగిన మాటే.

“లేదండీ, ఒలకలేదు” అన్నాను. “నేనే కలిపినాను.”