ఇనుముకు అద్దకం

శ్యామలమ్మకు ఒక జబ్బుంది. ఏదైనా కళ్ళబడితే అది ఎందుకు అట్లా ఉందో తేల్చుకోనిదే ఆమెకు అన్నం సహించదు. మిలిటరీ రావడంతో, ఊరొదిలి పారిపోయిన దొర మళ్ళీ తన కోటలాంటి గడీలో కాలుపెట్టిన ఆ రోజుల్లో అలాంటి జబ్బు ఎవరికీ మంచిది కాదు.

ఆ పొద్దున ఊళ్ళో డప్పు చాటింపు అయింది. దొర మీద తిరగబడ్డ సంఘపోళ్ళు గడీలోంచి ఎత్తుకుపోయిన సామాను ఎవరింట్లో దొరికితే వాళ్ళను మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోతారట. క్యాంపుకు పోయినవాళ్ళలో ఇంతవరకూ తన కాళ్ళమీద నడిచి ఇల్లు చేరినవాడు లేడు. శ్యామలమ్మ ఇంట్లోనేమో మగ్గం వెనక దొరగారి ఆకుపచ్చ సైకిల్ ఉంది. సంఘానికి కబుర్లు మోసే తమ్ముడు కృష్ణయ్య అడవిలోకి పోతూ అక్క దగ్గర వదిలిపోయిన సైకిల్ అది. తిరిగి ఇచ్చేద్దామంటే ఎవడు తెచ్చాడని అడుగుతారు. బావిలో పడేద్దామంటే బావులన్నిటిలోనూ గాలాలు వేసి వెతుకుతున్నారు.

"రంగు మారుస్త," అన్నాడు మొగుడు చెన్నయ్య.

"రంగు యాడుంది?"

"సాలోళ్ళ ఇంట్ల రంగు లేకపోవుడేందే?"

చెన్నయ్య నేతలో గట్టివాడే. కానీ పుట్టి బుద్ధెరిగి నూలుకు తప్ప దేనికీ రంగెక్కించి ఎరగడు. సైకిల్ గంట, లైటు విప్పి మగ్గం గుంతలో పూడ్చాడు. పెంకుముక్కతో ఆకుపచ్చనంతా గీకేశాడు. తర్వాత చీరల అంచులకు నలుపెక్కించే కుండ మోసుకొచ్చాడు. అందులో తుప్పు ఇనుమూ బెల్లమూ ఎన్నాళ్ళనుంచో నానుతున్నాయి. ఆ వాసనకు ఈగ కూడా ఆలోచించి వాలుతుంది.

"ఇనుప నీళ్ళు ఇనుముకు పట్టకపోతే ఇంక దేనికి పడ్తయి?" అంటూ నూలుకు పట్టించినట్టే పట్టించి, ఎండకు ఆరబెట్టి, మళ్ళీ పట్టించాడు. మధ్యాహ్నానికి సైకిల్ ఒళ్ళంతా ఎర్రటి తుప్పు లేచి గజ్జి పట్టిన కుక్కలా తయారైంది.

"గిది చూస్తె గుడ్డోడు గూడ ఇయ్యాల్నే గీకిండ్రంటడు," అంది శ్యామలమ్మ.

చెన్నయ్య తలపట్టుకుని కూలబడ్డాడు. పక్క వాడలో కుక్కలు మొరుగుతున్నాయి. సోదా మొదలైంది.

ఆమెకు భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ భయం కంటే ముందు అనుమానం వచ్చింది. ఉత్త నూలును ఈ నీళ్ళలో ముంచితే అది మాత్రం నల్లబడుతుందా? కరక్కాయ నీళ్ళు తాగిన నూలుకే నలుపు పడుతుంది. ఆ పని ఇంట్లో ఆడవాళ్ళది. చెన్నయ్య చేతికి వచ్చేసరికి నూలు ఎప్పుడూ కరక్కాయ తాగే ఉంటుంది. అందుకే పాపం ఆయనకు ఆ సంగతి తట్టనే లేదు. మరి ఇనుముకు కరక్కాయ తాగిస్తే? అసలు ఇనుము తాగుతుందా?

కరక్కాయ నీళ్ళలో గుడ్డపేలిక ముంచి హ్యాండిల్ కింద ఒకచోట రుద్దింది. తుప్పు మీద నీలపు నీడ పాకి, చూస్తుండగానే నల్లబడింది.

"ఇగో, ఇటు రా జర! తాగుతాంది!" సోదా సంగతే మరిచి చిన్నపిల్లలా కేకేసింది.

ఇద్దరూ కలిసి సైకిలంతా రుద్దారు. ఆరాక ఆముదం పూసి గట్టిగా తుడిచారు.

పొద్దు వాలకముందే గడీ గుమాస్తా ఇద్దరు సిపాయిలతో వచ్చాడు.

"ఏందిరా చెన్నా, నీకు సైకిల్ యాడిది?"

"చీరెలు అమ్మబోవుటానికి అయ్యా. సూర్యాపేటల పాతది కొన్న."

గుమాస్తా చెన్నయ్య చేతులు చూశాడు. నల్లగా ఉన్నాయి. సాలోళ్ళ వాడలో ఎవరి చేతులు తెల్లగా ఉన్నాయి గనక? ఫ్రేము మీద వేలితో రుద్ది వేలు చూసుకున్నాడు.

"ఇయ్యాల ఏసిన రంగైతే వేలికంటాలె," అన్నాడతను సిపాయిలతో. వేలు శుభ్రంగా ఉంది.

అయితే అతను పోలేదు. సైకిల్ చుట్టూ తిరిగాడు. సీటు తట్టి చూశాడు. "మంచిగుందిరా. మా దొర సైకిల్ దొరికేదాక గిది గడీల ఉంటది," అని ఎక్కి తొక్కుకుంటూ పోయాడు. సిపాయిలు వెనకాల నడిచారు.

శ్యామలమ్మకు నవ్వు ఆగలేదు. దొర సైకిల్‌ను తాము ముస్తాబు చేసి దొరకే సాగనంపారు! కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతుండగానే తమ్ముడు గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది.

"కిష్టిగాడు వచ్చి సైకిలేదంటె ఏం చెప్పాలె?"

చెన్నయ్య నల్లటి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "అడగనీయే. గా మాట అడుగుటానికన్న వాడు బతికి రావాలె గదా."

శ్యామలమ్మ మొగుడి పక్కన కూచుని అతని చెయ్యి పట్టుకుంది. ఈపాటికి క్యాంపులో కట్టేసి ఉండాల్సిన చెయ్యి అది. దీపాలు పెట్టే వేళ దాటినా ఆమె వదల్లేదు.